ఇబ్రా పాత ఊరిలో నాలుగు పాయల జడ

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇలాంటివి రాసేవాళ్లందరూ ఈ మాటతోనే మొదలుపెడతారని నాకూ తెలుసు, కానీ నా విషయంలో అది నిజం కాబట్టి రాయక తప్పడం లేదు. రాయచోటి దగ్గర మా పల్లెలో ఎవరికి జ్వరం వచ్చినా గాలి సోకిందని తాయెత్తు కట్టించేవాళ్లు. నేను ఆస్పత్రికి పొమ్మని పోట్లాడేదాన్ని. పెళ్లయిన ఆరేళ్లకు కూడా నాకు పిల్లలు పుట్టకపోతే, నన్ను ఏదో పట్టిందని మా అత్తగారు భూతవైద్యుణ్ణి పిలిపించింది. అతను వేపమండలతో కొట్టిన దెబ్బలకు వారం రోజులు వీపు వాచిపోయింది. దయ్యమంటూ ఉంటే ఆ దెబ్బలకు నాకంటే ముందు అదే పారిపోయేది. లేదని నాకు ఆ రోజే గట్టిగా తెలిసింది.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. నాకు కుళ్ళు ఎక్కువ. చిన్నప్పుడు మా చెల్లెలికి కొత్త పరికిణీ కుట్టిస్తే రెండు రోజులు అన్నం మానేసిన మనిషిని. ఇది దయ్యం సంగతి అనుకుని చదవబోయేవాళ్లు నా కుళ్ళు సంగతి కూడా భరించాలి. రెండింటినీ విడదీసి చెప్పడం నాకు చేతకాలేదు.

మా ఆయన ఇంకో పెళ్లి చేసుకున్నాక నేను మస్కట్ వెళ్లాను. అల్ ఖువైర్‌లో ఒక ఒమానీ ఇంట్లో పని. సారు మంత్రిత్వ శాఖ ఆఫీసులో, మేడమ్ బ్యాంకులో పని చేసేవారు. సారు తల్లిని అక్కడి పనివాళ్ల అలవాటు ప్రకారం మామా కబీరా, అంటే పెద్ద మేడమ్ అనేదాన్ని. నేను చేరేటప్పటికి వాళ్ల పాపకు నలభై రోజులు. పేరు రీమ్.

ఆ పిల్లను నేనే పెంచాను. పాలు కలిపింది నేను, స్నానం చేయించింది నేను, మొదటి పన్ను చూసింది నేను. బ్యాంకు నుంచి మేడమ్ వచ్చేసరికి పిల్ల నా భుజం మీద నిద్రపోయి ఉండేది. నన్ను 'లచ్చీ' అని పిలిచేది. బువ్వ, దా, జడ అనే మూడు మాటలు తెలుగులో అనేది. ఎవరు అడిగినా మా పాప అనే చెప్పేదాన్ని. ఇంటికి ఫోన్ చేసినప్పుడు కూడా 'మా పాప' అనే అనేదాన్ని, మా అమ్మ నిట్టూర్చేది.

జడ గురించి కొంచెం చెప్పాలి. నాది ఎడమచేతి వాటం. ఒమానీల ఇళ్లలో ఎడమచేత్తో తినడం, అందించడం తప్పు. ఆ ఒక్క అలవాటు మార్చుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. కాఫీ దగ్గర మాత్రం నాకు కలిసొచ్చింది. వాళ్ల పద్ధతిలో కాఫీ కూజా ఎడమచేత్తో పట్టుకుని పోయాలి, చిన్న కప్పు కుడిచేత్తో ఇవ్వాలి. నువ్వు కాఫీ పోయడానికే పుట్టావని మామా కబీరా నవ్వేది. రీమ్‌కు నేను నాలుగు పాయల జడ వేసేదాన్ని. ఎడమ నుంచి మొదలుపెడతాను కాబట్టి నా జడ అల్లిక అందరి అల్లికకూ ఎదురుగా తిరిగి ఉంటుంది. మిగతావాళ్లకు తెలియదు కానీ జడలు వేసేవాళ్లకు చూడగానే తెలిసిపోతుంది.

రెండు వేల ఎనిమిదిలో మేడమ్ మళ్లీ కడుపుతో ఉంది. ఇంకో మనిషి కావాలని గోదావరి జిల్లా రాజోలు వైపు నుంచి వరలక్ష్మిని తెప్పించారు. ఇరవై నాలుగేళ్లుంటాయి. తల్లిదండ్రులు లేరు, మేనమామ ఇంట్లో పెరిగింది. ఆ మేనమామ ఆమెను ఇద్దరు పిల్లల తండ్రి ఒకాయనకు ఇచ్చేద్దామని చూస్తుంటే తప్పించుకుని వచ్చింది. రెండేళ్లు ఇక్కడ నిలబడితే ఆ సంబంధం దానంతటదే తప్పిపోతుందని ఆమె లెక్క. వచ్చిన మొదటి రోజే నాకు ఇదంతా చెప్పి, అక్కా అక్కా అని నా చుట్టూ తిరిగింది.

మేడమ్ డ్యూటీలు పంచింది. నువ్వు సీనియర్‌వి, వంటిల్లు నీది, పాప డ్యూటీ వరలక్ష్మిది అంది. దాన్ని గౌరవం అనుకోమని ఆమె ఉద్దేశం. నాకు మాత్రం గుండెలో కత్తి దించినట్టయింది.

వరలక్ష్మికి అరబ్బీ ఒక్క ముక్క రాదు. మేడమ్ చెప్పింది తెలుగులో ఆమెకు నేను చెప్పాలి, ఆమె చెప్పింది అరబ్బీలో మేడమ్‌కు నేను చెప్పాలి. అయినా రీమ్ నెల తిరక్కుండా ఆమెకు అతుక్కుపోయింది. భాష లేకుండా ఎలా కుదిరిందో నాకు అర్థం కాలేదు. ఆమె చప్పట్లు కొట్టి ఏదో పాట పాడేది, ఈ పిల్ల పడీ పడీ నవ్వేది. నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ ఆ నవ్వులు వినేదాన్ని. నాకు నవ్వించడం రాదు. నాకు కడుపునిండా పెట్టడం వచ్చు, జ్వరమొస్తే మేలుకోవడం వచ్చు. పిల్లలకు అవి గుర్తుండవు.

ఒకరోజు జడ వేస్తానని పిలిస్తే రీమ్ రానంది. వరా వేస్తుంది, నువ్వు లాగుతావు అంది. నిజమే, ఆ మధ్య నా చెయ్యి కొంచెం బిగుసుకుంది. వరలక్ష్మి రెండు పక్కలా రెండు పిలకలు కట్టి గులాబీ రంగు రబ్బరు బ్యాండ్లు పెట్టేది. మధ్యాహ్నానికల్లా ఊడిపోయేవి. ఊడిన ప్రతిసారీ నాకు ఎంత తృప్తిగా ఉండేదో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఆ ఏడాది నవంబరులో ఒక శుక్రవారం ఇబ్రా వెళ్లాం. సారు పూర్వీకుల ఊరు అది. కొత్త ఊరికి పక్కనే పాత ఊరు అలాగే నిలిపి ఉంచారు. రాయితో, మట్టితో కట్టిన రెండంతస్తుల మేడలు, కమాను వాకిళ్లు, చెక్కడపు పని ఉన్న పెద్ద పెద్ద తలుపులు. ఒకప్పుడు సముద్రం దాటి వ్యాపారం చేసిన షావుకార్లు కట్టుకున్నవట. కొన్నింటికి కొత్తగా సున్నం పూసి బాగుచేశారు, కొన్ని కప్పు కూలి ఆకాశం కనిపిస్తూ ఉన్నాయి. ప్రభుత్వం బోర్డు పెట్టి కాపాడుతోంది. ఎవరూ కాపురం లేరు. చూడటానికి వచ్చేవాళ్లు వీధుల్లో తిరిగి ఫోటోలు తీసుకుని పోతారు.

పదకొండు గంటలకు చేరుకున్నాం. కాసేపటికి సారు జుమ్మా నమాజుకు కొత్త ఊరి మసీదుకు వెళ్లాడు. మేం ఆడవాళ్లం ఐదుగురం మిగిలాం. మేడమ్ నడవలేక కారులోనే సీటు వెనక్కి వాల్చుకుని పడుకుంది. మామా కబీరా తను పుట్టిన ఇంటి ఎదురుగా గోడ నీడలో చాప వేయించుకుని కూర్చుంది. నేను కూజా, ఖర్జూరాల పళ్లెం దించి ఆమె పక్కన చేరాను. వరలక్ష్మి రీమ్ చెయ్యి పట్టుకుని ఆ ఇంటి వాకిట్లో తిప్పుతూ ఉంది.

ఇక్కడి నుంచి ఒక్కొక్కటీ జాగ్రత్తగా చెబుతాను. మామా కబీరాకు మూడు కప్పులు పోశాను. వాళ్లు ఇక చాలు అనుకుంటే కప్పును చేతిలో అటూ ఇటూ ఊపుతారు, అంతవరకు పోస్తూనే ఉండాలి. ఆ రోజు ఆమె మాటల్లో పడి ఊపడం మరిచిపోయింది. ఆ ఇంట్లో తనను పెంచింది తల్లి కాదని, ఇంట్లో పని చేసే ఒకామె అని చెప్పింది. ఆమె పేరు గుర్తులేదంది. మొహమూ గుర్తులేదు, చేతులు మాత్రం గుర్తున్నాయంది. నేను కదలకుండా వింటూ కూర్చున్నాను. అరగంటకు తక్కువ ఉండదు. నా వీపు ఆ ఇంటి వైపు ఉంది.

అప్పుడు వరలక్ష్మి ఒక్కతే నా దగ్గరకు వచ్చింది. తాపీగా వచ్చింది, కంగారేమీ లేదు. ఖర్జూరం ఒకటి నోట్లో వేసుకుని, నా పక్కనా వెనకా చూసి, పాప ఏదని అడిగింది.

"పాప యాడుందో నన్నడుగుతావేందే? నీ దగ్గర కదా ఉండేది?" అన్నాను.

ఆమె ఖర్జూరం నమలడం ఆపింది. "అదేంటక్కా, మీకే ఇచ్చేను కదండీ. మీరే ఆ గుమ్మంలోకి వచ్చి, 'పాపను నాకియ్యి మే, జడేసి తీసుకొస్తా, నువ్వు పోయి కూసో' అన్నారు. ఎప్పుడూ లేంది నవ్వుతా మాట్లాడేరు, నాకు ఎంత సంతోషమేసిందో. కాసేపు అలా వీధి చూసొచ్చేను."

నాకు ఒళ్లు మండిపోయింది. పిల్లను ఎక్కడో వదిలేసి, తప్పు నా మీదికి నెడుతోందని అనుకున్నాను. నిజాయితీగా చెబుతున్నాను, ఆ క్షణంలో అలాగే అనుకున్నాను. నేను ఈ చాప మీది నుంచి లేవలేదని అరిచాను. ఆ అరుపుకు మేడమ్ కారు తలుపు తీసుకుని వచ్చింది.

ఏం జరిగింది, ఆమె ఏమంటోంది అని నన్నే అడిగింది. వేరే దారి లేదు మరి, అడగాల్సింది నన్నే.

నేను అరబ్బీలో చెప్పాను. ఫోన్‌లో మాట్లాడుకుంటూ పాపను చూసుకోలేదట, ఎటు వెళ్లిందో తెలియదట అన్నాను.

వరలక్ష్మి ఏమీ అర్థం కాక, నేను న్యాయంగా చెబుతున్నానన్న నమ్మకంతో, నా ప్రతి మాటకూ తలూపింది. ఆ తలూపడం ఇప్పటికీ నా కళ్ల ముందు నుంచి పోదు. మేడమ్ దాన్ని ఒప్పుకోవడం అనుకుంది.

అక్కడ పాడుబడిన బావులున్నాయి, కూలబోయే మెట్లున్నాయి. మేడమ్ ఏడుస్తూ వీధి పొడవునా రీమ్, రీమ్ అని పిలుస్తోంది. నేను ఆ ఇంట్లోకి పరుగెత్తాను.

లోపల పెద్ద హాలు, దాని వెనక మెట్లు. పైన మూడు గదులు. మొదటి రెండూ ఖాళీ. మూడోదానికి సగం కప్పు లేదు, ఎండ నేరుగా నేల మీద పడుతోంది. గోడలో సామాను పెట్టుకునే గూళ్లు. ఒక గూటి ముందు రాతి అరుగు మీద రీమ్ కూర్చుని ఉంది. వీపు నా వైపు, మొహం గోడ వైపు. జడ వేయించుకునేటప్పుడు పిల్లలు ఎలా కదలకుండా కూర్చుంటారో అలా కూర్చుంది.

అడుగుల చప్పుడు విని, వెనక్కి తిరక్కుండానే, "ఖలాస్?" అని అడిగింది. అయిపోయిందా అని.

పిల్ల వీపు మీద జడ ఉంది. నాలుగు పాయల జడ. దగ్గరికి వెళ్లి చేతిలోకి తీసుకున్నాను. అల్లిక ఎడమ నుంచి మొదలైంది. ఆ ఇంట్లో గాని, నాకు తెలిసిన మస్కట్ మొత్తంలో గాని అలా వేసేది నేనొక్కదాన్నే. వరలక్ష్మికి మూడు పాయలే సరిగా రావు. జడ కొబ్బరినూనెతో మెత్తగా ఉంది. ఆ వాసన మేడమ్‌కు పడదని ఏడాది నుంచి ఇంట్లో కొబ్బరినూనె వాడటం మానేశాం, ఆ రోజు మా సామానులో నూనె అనేదే లేదు. పొద్దున పెట్టిన రెండు గులాబీ బ్యాండ్లు రీమ్ గుప్పిట్లో ఉన్నాయి.

ఆ గదికి వేరే తలుపు లేదు. నేల మీద మందంగా దుమ్ము ఉంది. దాని మీద ఎవరి అడుగులున్నాయో నేను చూడలేదు. ఎన్నోసార్లు ఈ ఒక్క విషయానికి నన్ను నేను తిట్టుకున్నాను. అప్పుడు నా కళ్లు జడ మీదే ఉన్నాయి. భయపడి ఉండాల్సింది. కానీ నాకు మొదట కలిగింది భయం కాదు. నాకంటే బాగా వేసింది అనుకున్నాను. పాయలన్నీ ఒకే మందం, ఎక్కడా బిగువు లేదు, ఒక్క వెంట్రుక లేచి లేదు. నా చేతికి అంత నున్నగా ఎప్పుడూ రాలేదు.

జడ ఎవరు వేశారని అడిగాను. రీమ్ నవ్వి, నువ్వే కదా అంది. నేను ఆటపట్టిస్తున్నాననుకుంది.

పిల్లను ఎత్తుకుని బయటికి వచ్చేసరికి మేడమ్ నా మీద పడి ఏడ్చింది. రీమ్ తల్లితో, లచ్చీ నాకు జడ వేసింది, కథ చెప్పింది అంది. భయపడ్డ పిల్లను ఊరడించడానికి దొరికిన చోటే కూర్చోబెట్టి జడ వేశాననుకున్నారు. ఎంత ఓర్పు అని మామా కబీరా నా తల నిమిరింది. నాలుగు పాయల జడ వేయడానికి నేను లోపల ఉన్న సమయం చాలదని ఎవరికీ తట్టలేదు.

వరలక్ష్మి చెప్పింది అబద్ధం కాదని నాకు మెట్లు దిగేటప్పుడే తెలుసు. ఎవరో నా మొహంతో, 'మే' అనే నా సీమ పిలుపుతో ఆమె దగ్గర నుంచి పిల్లను తీసుకున్నారు. ఆమె మాట ఇప్పుడైనా ఉన్నదున్నట్టు చెప్పాలంటే రెండు నిమిషాల పని. నేను చెప్పలేదు. రీమ్ నా మెడ చుట్టూ చేతులు వేసి ఉంది. ఐదు నెలల తర్వాత మొదటిసారి అలా పట్టుకుంది. ఆ చేతులు వదులుకోలేకపోయాను.

పది రోజుల్లో వరలక్ష్మిని పంపించేశారు. కారణం ఆమెకు చెప్పమని కూడా నాకే అప్పజెప్పారు. పాపను జాగ్రత్తగా చూసుకోలేదని పంపిస్తున్నారు అని చెప్పాను. ఆమె పెట్టె సర్దుకుంటూ, "నేను మిమ్మల్ని ఏం చేసేనక్కా?" అని మాత్రం అడిగింది. నేను బియ్యం కడగడానికి వెళ్లిపోయాను.

పాప డ్యూటీ మళ్లీ నాకు వచ్చింది. కోరుకున్నది దొరికింది కదా, ఇక సుఖంగా ఉండాలి. అక్కడే మోసపోయాను. మరుసటి రోజు నుంచి రీమ్ జడ వేయించుకుంటూ, ఇలా కాదు, ఆ రోజులా వెయ్యి అనేది. ఎలా వేసినా ఇలా కాదనేది. ఆ రోజు చెప్పిన కథ చెప్పమనేది. ఏ కథో నాకు తెలియదు. ఒక గువ్వ ఉంటుంది కదా, నువ్వు గొంతు మార్చి చెప్పావు కదా అని గుర్తు చేసేది. నేను జీవితంలో ఎవరికీ గొంతు మార్చి కథ చెప్పలేదు. నీళ్లు నమిలితే, నువ్వు మరిచిపోయావని అలిగేది.

వరలక్ష్మి మీద కుళ్ళుకోవడం తేలిక. ఆమె కళ్ల ముందు ఉండేది, ఆమె కట్టిన పిలకలు ఊడిపోయేవి. పాత ఇంట్లో జడ వేసిన ఈమెలో దేన్నీ తప్పు పట్టడానికి వీల్లేదు. అరగంట కనిపించి, నవ్వి, కథ చెప్పి, నొప్పి తెలియకుండా జడ వేసి పోయింది. నేను ఐదేళ్లు మోసి పెంచిన పిల్ల ఆ అరగంటనే నా ప్రేమ అనుకుంది. అద్దంలో నా మొహం చూసుకుని దీనితోనే కదా చేసిందని పళ్లు కొరుక్కున్న రోజులున్నాయి. ఎవరికైనా చెబితే పిచ్చాసుపత్రిలో వేస్తారు.

ఆ తర్వాత ఇబ్రా పాత ఊరికి రెండుసార్లు వెళ్లాం. రెండుసార్లూ మూడో గదికి ఒంటరిగా వెళ్లి కూర్చున్నాను. ఆమె వస్తే ఆ గువ్వ కథ ఏమిటో అడగాలని కూడా అనుకున్నాను. దుమ్ము, ఎండ, గూట్లో పిట్ట ఈకలు తప్ప ఏమీ లేవు. ఒకసారి మామా కబీరాను, మిమ్మల్ని పెంచిన ఆమె గురించి ఇంకా చెప్పమని అడిగాను. తను అలాంటిదేదీ చెప్పిన గుర్తు లేదంది. మతిమరుపు మొదలైంది అప్పటికే, కాబట్టి దానికి నేను పెద్ద అర్థం తీయను.

రీమ్‌కు పదకొండేళ్లు వచ్చాక నేను ఇండియా వచ్చేశాను. ఎయిర్‌పోర్టుకు బయల్దేరేముందు నన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చింది. ఆ రోజు పాత ఇంట్లో నువ్వు లేకపోతే నేను చాలా భయపడేదాన్ని అంది. అవును అన్నాను.

వచ్చాక మూడేళ్లకు, మస్కట్ పక్క మబేలాలో నాకు పరిచయమైన రాజోలు ఆవిడ ద్వారా వరలక్ష్మి నంబరు దొరికింది. వరలక్ష్మికి మేనమామ అనుకున్న సంబంధమే చేశాడని ఆవిడ చెప్పింది. రెండు రోజులు ఫోన్ చేతిలో పట్టుకుని తిరిగి, మూడో రోజు పొద్దున చేశాను.

గొంతు గుర్తుపట్టింది. వెనక ఎవరో పిల్లలు గోల చేస్తున్నారు. నేను దాచకుండా అంతా చెప్పాను. నువ్వు చెప్పిన మాట మేడమ్‌కు నేను మార్చి చెప్పినాను, నీ ఉద్యోగం నేనే తీసినాను, కుళ్ళుతోనే తీసినాను, క్షమించమని అడిగే మొహం కూడా నాకు లేదు అన్నాను. పిల్లల్ని అవతలికి పొమ్మనడం వినిపించింది.

తర్వాత నెమ్మదిగా, "ఇన్నేళ్లకైనా చెప్పేరు. పోన్లెండి అక్కా," అంది. "మరి పాపని నా దగ్గర తీసుకుని, తీసుకోలేదని ఎందుకన్నారండీ? నన్ను పంపించేద్దామని ముందే అనుకునే వచ్చేరా?"

"ఆ గుమ్మంలోకి వచ్చింది నేను కాదు మే," అన్నాను. "దేవుని మీద ఒట్టు. నేను చాప మీద నుంచి లెయ్యనే లేదు."

ఆమె నవ్వినట్టు వినిపించింది. కోపం లేదు ఆ గొంతులో, అలిసిపోయి ఉంది.

"నా బుగ్గ మీద చెయ్యేసి, 'నువ్వు మంచిదానివి మే' అన్నారండీ ఆ రోజు. ఆ దేశంలో నాతో ఎవరూ అలా అనలేదు. ఒప్పుకోడానికి ఫోన్ చేసి, మళ్లీ సగమే ఒప్పుకుంటారేంటక్కా?" అని పెట్టేసింది.

మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఆమె బుగ్గ మీద చెయ్యేసిన ఆ మిగతా సగం నాది కాదు. ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. నాదే అయివుంటే బాగుండేదని మాత్రం చాలాసార్లు అనుకున్నాను.